సున్నపు వలయం

చక్రపాణి పోయి మూడు రోజులైంది. బొమ్మ విమానం ఎగరేస్తూ దాన్ని కరెంటు తీగకు తగిలించుకుని పోయాడని జగదల్‌పూర్ అంతా అనుకుంది. అలా అనుకోనిది అతని భార్య జ్ఞానప్రసూన ఒక్కతే. ఆమె కబురు పెడితేనే డిటెక్టివ్ విరూపాక్షం ఆ ఉదయం రైల్వే క్వార్టర్ గుమ్మం ఎక్కాడు.

విరూపాక్షం భోపాల్‌పట్నం మనిషి. సీఐడీలో చాలాకాలం చేసి, పై అధికారితో పడక ఉద్యోగం వదిలేసి, సొంతంగా పరిశోధనలు చేసుకుంటున్నాడు. చావు జరిగిన ఇళ్లు ఎన్నో చూశాడు గాని ఇలాంటి ముందుగది చూడలేదు. గోడల నిండా చిన్న చిన్న విమానాలు వేలాడుతున్నాయి. కిరోసిన్, ఈథరు, ఆముదం కలిసిన ఘాటు వాసన గదిని వదలడం లేదు. అది ఆ విమానాల ఇంజన్లు తాగే నూనె వాసన.

జ్ఞానప్రసూన ఆడపిల్లల స్కూల్లో లెక్కల టీచరు. కళ్లు వాచి ఉన్నా గొంతు మాత్రం నిలకడగా ఉంది.

"సున్నంతో వలయం గీసేవాడు లక్మా. గీత తప్పు గీశాడని ఇన్‌స్పెక్టర్ అతన్ని పట్టుకెళ్లాడండి. నాలుగేళ్లుగా మా విమానాల క్లబ్బులో గీతలు గీస్తున్నాడు. ఏనాడూ బెత్తెడు తేడా రాలేదు. మా ఆయన పోయింది చాలు. ఆ పేరు చెప్పి ఇంకొకడు జైల్లో మగ్గిపోకూడదు."

"ఈ ఆట గురించి నాకేమీ తెలియదమ్మా. మొదటి నుంచి చెప్పండి."

ఆమె చెప్పింది. విమానానికి రెండు సన్నటి ఉక్కు తీగలు కట్టి ఉంటాయి. వాటి రెండో కొస మనిషి చేతిలో పిడికి ఉంటుంది. మనిషి మధ్యలో నిలబడి తనూ తిరుగుతుంటే, విమానం అతని చుట్టూ వలయంగా ఎగురుతుంది. పిడి అటూ ఇటూ వంచితే పల్టీలు కొడుతుంది, తలకిందులుగా పోతుంది. ఎవరు ఎంత నున్నగా పల్టీలు కొట్టించారన్నదే పోటీ. వచ్చే నెల నాగపూర్‌లో పోటీ ఉంది. దానికి ఏ విమానం, ఏ ఇంజన్ తీసుకెళ్లాలన్న దాని మీద క్లబ్బులో పెద్ద రగడే జరిగింది.

"మా ఆయన పెద్దదే కావాలన్నారు. బరువుంటే గాలికి తొణకదు, తీగలు వదులు కావు అని ఆయన వాదన. నేను చిన్నదే కావాలన్నాను. మణికట్టు కాస్త తిప్పితే చాలు, మలుపు తిరిగేస్తుంది. ఇక ఇంజన్ అంటారా, స్టంటుకు వేగం అక్కర్లేదండి. ముక్కు పైకెత్తినా కిందికి దించినా ఒకే గొంతుతో పలకాలి. చిన్న డీజిల్ ఇంజన్ అలా పలుకుతుంది. పైగా స్టార్ట్ చేయడానికి బ్యాటరీ కూడా అక్కర్లేదు. మీటింగులో నావైపు మాట్లాడింది మా సెక్రటరీ కాశీవిశ్వనాథం గారొక్కరే. కలకత్తా నుంచి ఇంజన్ కూడా ఆయనే తెప్పించారు."

"ఆరోజు మీ ఆయన ఎగరేసింది ఆ చిన్నదేనా?"

"అదే. కొత్త ఇంజన్‌ను కాసేపు తిప్పి సరిచేయాలి. నాకు జ్వరం. 'నువ్వు పడుకో, నీ ఇంజన్ సంగతి నేను చూసి వస్తా' అని తెల్లవారకముందే వెళ్లారు. మైదానమంతా మంచు. కరెంటు తీగలు కనపడి ఉండవు." ఆమె గోడ మీది విమానాల వైపు చూసింది. "నాకు జ్వరం రాకపోయుంటే..."

బయట జీపు హారన్ మోగింది.

లోపలికి వచ్చినాయన తెల్లటి పంచె, పైన ఉన్ని కోటు. చేతిలో కాఫీ ఫ్లాస్కు. కొంటాలో కలప వ్యాపారం చేసే కాశీవిశ్వనాథం. జగదల్‌పూర్‌లో కూడా ఆయనకు డిపో ఉంది. విరూపాక్షాన్ని చూసి చేతులు జోడించాడు.

"చెల్లెమ్మ చెప్పింది సార్ మీ గురించి. ఇంకా అడిగేదేముంది చెప్పండి? మంచులో ఎగరెయ్యొద్దని చక్రపాణికి నేనెన్నిసార్లు చెప్పిన్నో! ఇంటేనా?" అని కళ్లు తుడుచుకున్నాడు. "చెల్లెమ్మా, కాఫీ తాగి బయలెల్లు. ఎండెక్కకముందే ఘాట్ రోడ్డు దాటాలె."

అస్థికలు గోదావరిలో కలపాలి. జ్ఞానప్రసూన తమ్ముడు విశాఖపట్నం నుంచి భద్రాచలం వస్తున్నాడు. అంతవరకు ఆమెను తన జీపులో దిగబెడతానని విశ్వనాథం ముందుకొచ్చాడు.

"సోమవారం కల్లా వచ్చేయాలండీ. కోర్టులో పనుంది," అంది ఆమె.

"కోర్టు ఎక్కడికి పోతది తల్లీ? ముందు ఈ కార్యం కానీ."

ఆమె సంచిని విరూపాక్షమే మోసుకెళ్లి జీపులో పెట్టాడు. "మీరు తిరిగొచ్చేసరికి లక్మా బయట ఉంటాడమ్మా," అని మాట కూడా ఇచ్చాడు. జీపు మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా నిలబడి, తిన్నగా పోలీసు స్టేషన్ దారి పట్టాడు.

* * *

ఇన్‌స్పెక్టర్ దేవాంగన్‌కు విరూపాక్షం అంటే మొదటి నుంచీ కిట్టదు. ఒకప్పుడు ఒక దొంగతనం కేసులో దేవాంగన్ పట్టుకున్నవాడు దొంగ కాడని విరూపాక్షం కోర్టులో నిరూపించాడు. ఆ అవమానం దేవాంగన్ మర్చిపోలేదు. అతనికి తెలుగు రాదు. ఇద్దరి మాటలూ హిందీలోనే.

"రండి డిటెక్టివ్ సాబ్! ఈ కేసులో మీకు పని లేదు. నేరస్థుడు ఒప్పుకున్నాడు."

"ఏమని?"

"సున్నం ఎవరు పోశారని అడిగాను. 'నేనే' అన్నాడు. వలయం కరెంటు తీగలకు దగ్గరగా ఉంది. వీడి నిర్లక్ష్యం వల్ల మనిషి చచ్చాడు. బస్, కేసు అయిపోయింది."

"ఒక్కసారి అతనితో మాట్లాడనివ్వండి."

"మాట్లాడుకోండి. నా ముందే."

లక్మా లాకప్ మూలన మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని కూర్చున్నాడు. ఒక కన్ను మూసుకుపోయింది. పెదవి చిట్లి ఎండిపోయింది. గొల్లపల్లి నుంచి పనికోసం వచ్చిన దోర్లా తెగ మనిషి. హిందీ అంతంతమాత్రం. విరూపాక్షం ఊచల దగ్గర నేల మీదే కూర్చుని, తన ఊరి తెలుగులో పలకరించాడు. ఆ మాట వినగానే లక్మా తలెత్తాడు.

"సున్నం నువ్వే పోసినవా లక్మా?"

"నేనే పోసిన దొరా."

"ఎట్ల పోసినవు?"

"నడుమ మేకు ఉంటది. దానికి తాడు కడ్త. తాడు కొస పట్టుకుని సుట్టూ తిరుగుకుంట పోస్త. ఎప్పుడు పోసినా గంతే."

"మేకు ఎప్పటి చోటనే ఉన్నదా?"

లక్మా ఇన్‌స్పెక్టర్ బూట్ల వైపు చూశాడు. విరూపాక్షం పక్కకు జరిగి, ఆ బూట్లు కనపడకుండా అడ్డం కూర్చున్నాడు.

"ముందురోజు గడ్డి కోపిచ్చిండు సేటు. కొడవండ్లకు తగుల్తదని మేకు పీకమన్నడు. పీకి ఆయన చేతిలోనే పెట్టిన. 'నువ్వు పో, నేను పాతిపెడ్త, రేపు పొద్దుగాల వచ్చి సున్నం పొయ్యి' అన్నడు. నేను మబ్బుల, తెల్లారకముందే వచ్చిన. మంచుల ఏం కనపడ్తది దొరా? మేకు దొరికింది. తాడు కట్టిన. పోసిన."

"ఏ సేటు?"

"ఇస్నాదం సేటు."

కాశీవిశ్వనాథమే అన్నమాట, అనుకున్నాడు విరూపాక్షం. కానీ పైకి కనపడనివ్వలేదు. "ఈ సంగతి ఇన్‌స్పెక్టర్‌కు ఎందుకు చెప్పలే?"

"సున్నం సంగతే అడిగిండు. మేకు సంగతి అడగలే. ఇంకోటి చెప్పబోతే కొట్టిండు."

విరూపాక్షం లేచి మాటలన్నీ హిందీలో చెప్పాడు. దేవాంగన్ నవ్వాడు.

"మంచి కథ. కింద పనిచేసేవాడు తప్పు పైవాడి మీదికి నెట్టడం కొత్తేమీ కాదు."

"కథో నిజమో నేల చెబుతుంది. మైదానానికి రండి."

"నాకు వేరే పని లేదనుకున్నారా?"

"రాకపోయినా సరే. నేను చూసింది రేపు కోర్టులో చెబుతాను. అక్కడ మీరు మొదటిసారి వినొచ్చు."

దేవాంగన్ ముఖం ఎర్రబడింది. పాత అవమానం గుర్తొచ్చిందేమో, టోపీ తీసుకుని లేచాడు. వెళ్లే ముందు విరూపాక్షం, చక్రపాణి చేతిలో దొరికిన పిడి తీయించమన్నాడు. సగం కాలిన చెక్క పిడి, దాని మధ్య నుంచి పోయిన తీగ ముక్క. విరూపాక్షం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అనకుండా గుడ్డలో చుట్టి జేబులో వేసుకున్నాడు.

* * *

మైదానంలో రెండు వలయాలు ఉన్నాయి. పెద్ద విమానాల వలయం మైదానం నడిమధ్యన. చిన్నవాటిది ఓ పక్కగా, కరెంటు స్తంభాలున్న వైపు. చిన్న విమానం తీగ పొడవు తక్కువ కాబట్టి అక్కడ భయం లేదని మొదట్లో అలా ఏర్పాటు చేశారు. చక్రపాణి ఎప్పుడూ పెద్ద వలయంలోనే ఎగరేసేవాడు. చిన్న వలయంలో ఆ రోజు తప్ప ఎన్నడూ నిలబడలేదు.

విరూపాక్షం సున్నపు గీతకు మధ్యనున్న మేకు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని నేల తడిమాడు.

"ఇన్‌స్పెక్టర్ సాబ్, ఇక్కడ ఏముంది?"

"ఏముంది? గడ్డి."

"అదే చెబుతున్నా. ఎగరేసే మనిషి ఒకే చోట నిలబడి గిరగిరా తిరుగుతాడు. ఏడాదిగా ఈ వలయంలో రోజూ ఎగరేస్తున్నారు. అంత తొక్కుడుకు గడ్డి బతుకుతుందా? ఇక్కడ కోసిన మొదళ్లు పచ్చగా ఉన్నాయి."

దేవాంగన్ వంగి ఆ మొదళ్లు చూశాడు. విరూపాక్షం లేచి, స్తంభాలకు ఎదురు దిక్కుగా మెల్లగా నడిచాడు. కొంత దూరంలో కోసిన గడ్డి కుప్పగా పోసి ఉంది. మైదానంలో మిగతా గడ్డంతా బండ్లకెత్తి తీసుకుపోయారు. ఈ కుప్ప ఒక్కటే మిగిలింది. రెండు చేతులతో దాన్ని పక్కకు తోశాడు.

కింద గుండ్రంగా, తట్ట బోర్లించినంత మేర, గడ్డిపోచ లేని బోడి నేల. తొక్కి తొక్కి అరుగులా గట్టిపడింది. మడమల గుర్తులు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. నడిమధ్యన మేకు మందాన ఒక రంధ్రం. అందులో కూడా ఎవరో గడ్డి కుక్కారు.

"అసలు మధ్య ఇది," అన్నాడు విరూపాక్షం.

దేవాంగన్ కానిస్టేబుల్ చేత టేపు పట్టించాడు. విమానం తీగల పొడవు యాభై రెండు అడుగులు. బోడి నేల నుంచి స్తంభాల వరుసకు డెబ్బై పైనే ఉంది. మేకు ఇప్పుడున్న చోటు నుంచి కొలిస్తే యాభై. నేలకు దగ్గరగా ఎగిరినంతసేపు విమానం కరెంటు తీగల కిందుగా పోయి వస్తుంది. ముక్కు పైకెత్తిన క్షణాన ఉక్కు తీగలు వెళ్లి వాటికి ఒరుసుకుంటాయి. పదకొండు వేల వోల్టులు పిడిలోకి దిగుతాయి.

"మేకు జరిగిన మాట నిజమే," అని ఒప్పుకున్నాడు దేవాంగన్. గొంతులో ఇందాకటి ఎకసక్కెం లేదు. అయినా పట్టు వదల్లేదు. "కానీ పాతేటప్పుడు సేటు పొరబడి ఉండొచ్చుగా?"

"పొరబడ్డవాడు పాత రంధ్రంలో గడ్డి కుక్కడు. దాని మీద కుప్ప పోయించడు."

"సరే, ఒప్పుకున్నా. ఎందుకు చంపాడో చెప్పండి. చక్రపాణి, విశ్వనాథం సేటు ఒకే కంచంలో తినేవాళ్లు. మొన్న శవం దగ్గర సేటు ఏడ్చిన ఏడుపు నేను కళ్లారా చూశాను. చక్రపాణిని చంపితే అతనికి ఒరిగేదేంటి? కారణం లేని హత్యను కోర్టులో ఎవరు నమ్ముతారు?"

విరూపాక్షానికీ అక్కడే ముడి పడుతోంది. జేబులోంచి పిడి తీశాడు.

"ఇది పట్టుకోండి."

దేవాంగన్ పట్టుకోబోయాడు. పిడి సందులో మూడు వేళ్లు దూరాయి. నాలుగోది దూరలేదు.

"చక్రపాణి చెయ్యి మీ చెయ్యంత ఉంటుందా?"

"నాకంటే పెద్దది. కాలిన గాయం కూడా మూడు వేళ్లకే ఉందన్నాడు డాక్టరు. చిటికెనవేలు బాగానే ఉందట. నాకప్పుడు అర్థం కాలేదు."

"పిడి ఎవరి చేతికి తగ్గట్టు వారు చెక్కించుకుంటారు. ఇది ఆడమనిషి చేతి కొలత. ఈ పిడి, ఈ చిన్న విమానం, ఈ చిన్న ఇంజన్ అన్నీ జ్ఞానప్రసూనవి. నాగపూర్ పోటీకి పోయేది ఆమె. ఈ వలయంలో రోజూ నిలబడేది కూడా ఆమే." విరూపాక్షం స్తంభాల వైపు చెయ్యి చూపించాడు. "క్లబ్బులో అందరూ పెద్ద విమానం కావాలంటే విశ్వనాథం ఒక్కడే చిన్నది కావాలన్నాడు. పెద్దదైతే ఆమె నడిమధ్య వలయంలో ఎగరేసేది. అక్కడికి ఏ తీగా అందదు. చిన్నదైతేనే ఇక్కడికి వస్తుంది. ఆ రోజు ఆమెకు జ్వరం. ఆమె బదులు మొగుడు వచ్చాడు, అంతే."

దేవాంగన్ పిడిని చేతిలోనే పట్టుకుని నిలబడిపోయాడు.

"ఆమె పేరు మళ్లీ చెప్పండి."

"జ్ఞానప్రసూన. ఆడపిల్లల స్కూల్లో లెక్కల టీచరు."

"మాస్టరమ్మ! నా ఇంకో కేసులో సాక్షి ఆమె. జ్వరమంటే ఆ ఇంటికి నేను వెళ్లకుండా కానిస్టేబుల్‌ను పంపాను, చక్రపాణి భార్య ఈమేనని నాకు తెలియదు." దేవాంగన్ తొందర తొందరగా చెప్పుకుపోయాడు. "మూణ్నెల్ల కిందట కలప లారీ కింద పడి మాడ అని కిష్టారం కూలీ చచ్చిపోయాడు. పుల్లయ్య అనే డ్రైవరు వచ్చి తానే తొక్కించానని లొంగిపోయాడు. మాస్టరమ్మ స్కూలు నుంచి వస్తూ చూసింది. స్టీరింగ్ దగ్గర నుంచి దిగి పరుగెత్తింది పుల్లయ్య కాదు, ఎవరో కుర్రవాడు, మళ్లీ చూస్తే గుర్తుపడతానంది. సోమవారం కోర్టులో గుర్తుపట్టాలి. ఆ కుర్రవాడు లారీ యజమాని తమ్ముడని నాకు తెలుసు. కొంటాలో దాచి ఉంచారు. నిన్ననే వారంటు తెచ్చాను, సోమవారంలోగా పట్టుకొస్తాను. ఆమె నోరు తప్ప నా దగ్గర ఇంకో సాక్ష్యం లేదు."

"లారీ యజమాని ఎవరు?"

"కాగితాల మీద బండి అతని బావమరిది పేరున ఉంది. అసలు యజమాని మీ విశ్వనాథం సేటే."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కేసులో సగం ఒకరి దగ్గర, సగం ఇంకొకరి దగ్గర పొద్దున్నుంచి విడివిడిగా పడి ఉంది. ఒకరంటే ఒకరికి పడక ఎవరూ ఎవరినీ అడగలేదు.

"ఆమెను స్టేషన్‌కు పిలిపిద్దాం. కాపలా పెడతాను. ఇంట్లోనే ఉందా?"

విరూపాక్షానికి పొద్దున జీపులో తాను పెట్టిన సంచి కళ్లముందు మెదిలింది. ఘాట్ దాటాలని విశ్వనాథం తొందరపెట్టడం చెవుల్లో మోగింది.

"లేదు," అన్నాడు. "భద్రాచలం బయలుదేరింది. విశ్వనాథం జీపులో. నేనే ఎక్కించాను."

దేవాంగన్ తిట్టలేదు. దెప్పలేదు. పరుగున వెళ్లి పోలీసు జీపు ఎక్కాడు. విరూపాక్షం అప్పటికే పక్కన కూర్చున్నాడు.

స్టేషన్‌లో అడుగుపెట్టగానే దేవాంగన్ వైర్‌లెస్ ముందు వాలిపోయాడు. దర్భా ఘాట్ కొండదారికి ఇటు ఉన్న పోలీసు చౌకీని పిలిచాడు. జీపు చాలాసేపటి కిందటే దాటిందని జవాబు వచ్చింది. బండి నడుపుతూ సేటు, పక్కన తెల్లచీర కట్టుకున్న అమ్మ. ఇద్దరూ ఉన్నారు.

విరూపాక్షం గట్టిగా ఊపిరి వదిలాడు. ఘాట్‌కు అవతలి చౌకీ తోంగ్‌పాల్. దాన్ని అందుకోవడానికి చాలాసేపు పట్టింది. గరగరల మధ్య ఒక కానిస్టేబుల్ గొంతు తేలింది.

"ఆ జీపు ఇప్పుడే దాటింది సాబ్. సేటు టీ కూడా తాగాడు."

"ఆపావా? లోపల ఎవరెవరున్నారు?" దేవాంగన్ అరిచాడు.

"ఆపమని ఎవరూ చెప్పలేదు సాబ్. సేటు ఒక్కడే ఉన్నాడు."

దేవాంగన్ మైకు నోటికి దగ్గరగా లాక్కున్నాడు. "ఆడమనిషి లేదా? సరిగ్గా చూశావా?"

"చూశాను సాబ్. పలకరించాను కూడా. వెంట వచ్చిన చెల్లెమ్మకు ఘాట్‌లో వాంతులైతే, జీపు కుదుపు పడదని దారిలో బస్సు ఎక్కించానన్నాడు."

దేవాంగన్ మైకు కింద పెట్టాడు. విరూపాక్షం వైపు తిరిగాడు గాని కళ్లలోకి చూడలేదు.

"బస్సువాళ్లు నిన్నటి నుంచి సమ్మెలో ఉన్నారు," అన్నాడు మెల్లగా. "ఆ దారిన ఈరోజు ఒక్క బస్సు కూడా నడవలేదు."